పలక వెనక వాల్వు

ఆ వేసవిలో మా వీధి కింద ఉన్న పాత నీళ్ల పైపు తీసేసి కొత్తది వేశారు. వేసింది మంచికే. పాత పైపులో నీళ్లు ఈడ్చుకుంటూ వచ్చేవి. కొత్తదాంట్లో ఉరుకుతూ వచ్చాయి. ఆ ఉరుకుడికి ఇళ్లలోని పాత అతుకులు ఒక్కొక్కటే వదిలేయడం మొదలుపెట్టాయి. నేను ప్లంబర్ని. ఆ రెండు నెలలూ నాకు పగలు కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు.

ఏ ఇంటికి వెళ్లినా గుమ్మంలోనే ఒక ప్రశ్న వేసేవాణ్ని. "మెయిన్ వాల్వు ఎక్కడుందండీ?"

ఇరవై మూడేళ్ల అనుభవంలో దానికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు చాలా తక్కువ. "ఉండాలండీ, ఎక్కడో" అంటారు. "మా ఆయనకి తెలుసు" అంటుంది భార్య. "మా ఆవిడకి తెలుసు" అంటాడు భర్త. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఒక లెక్కల మాస్టారి ఇంట్లో వాల్వు మీద ఏకంగా టైలు వేసేశారు. వంటింట్లో మడమల దాకా నీళ్లు నిలిచి ఉంటే, ఆయన నా సుత్తి పట్టుకుని ఆపి, "ఈ డిజైను ఇప్పుడు దొరకడం లేదండీ, ఇంకో దారి చూడండి" అన్నాడు. ఇంకో ఇంట్లో వాల్వు ఫ్రిజ్ వెనక ఉంది. అప్పటికే నీళ్ల ఆఫీసువాళ్లు ఇంటింటికీ కాగితం పంచారు, మెయిన్ వాల్వు ఎప్పుడూ చేతికి అందేలా ఉంచుకోండి అని. ఆ ఇల్లాలు ఆ కాగితాన్ని భద్రంగా అదే ఫ్రిజ్ తలుపుకి అంటించింది. నేను కాగితం వైపు చూశాను, ఆవిడ వైపు చూశాను. "చదివానండీ, చాలా మంచి విషయం రాశారు" అంది.

నా నోరు ఊరుకోదు. పని అయిపోయాక చేతులు తుడుచుకుంటూ ప్రతి ఇంట్లోనూ ఒక పాఠం చెప్పేవాణ్ని. దాని ముందు ఏదీ పెట్టకండి. ఇంట్లో అందరికీ చూపించి ఉంచండి. నీళ్లు పొంగాక వెతుక్కుంటే లాభం లేదు. వాళ్లు తలలూపేవాళ్లు. నేను వీధి మలుపు తిరిగేసరికి ఫ్రిజ్ మళ్లీ దాని చోటికి వెళ్లిపోయేది. నాకు 'వాల్వు మాస్టారు' అని పేరు కూడా పెట్టారు. గౌరవంతో కాదని నాకు తెలుసు.

అలాంటి నా ఇంట్లోనే, ఆ వేసవిలోనే, వాల్వు ముందు అలమర లేచింది.

మా మామయ్య, అంటే మా ఆవిడ తండ్రి, వడ్రంగి. మామూలు వడ్రంగి కాదు. ఆయన చేసిన తలుపు ముప్పై ఏళ్లయినా కిర్రుమనదని చెప్పుకునేవారు. అత్తయ్య పోయిన రెండేళ్లకి ఆయన చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర, తర్వాత ఉలి దగ్గర. కొట్టు మూసేసి, పనిముట్ల పెట్టె ఒకటీ, దుప్పట్లో చుట్టిన పొడుగాటి చెక్క ఒకటీ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆరు నెలలు పేపరు చదువుతూ, కిటికీ చువ్వలు లెక్కపెడుతూ కూర్చున్నారు. ఆ వేసవి మొదట్లో ఒకరోజు పొద్దున్నే లేచి, వీధిగుమ్మం పక్కనున్న నడవ గోడని టేపుతో కొలిచారు.

"అమ్మాయి బట్టలన్నీ కుర్చీల మీద, మంచాల మీద ఉంటున్నాయి. ఇక్కడ నేల నుంచి పైదాకా ఒక అలమర చేసిపెడతాను" అన్నారు.

అమ్మాయి అంటే మా ఆవిడ. బట్టలు కుడుతుంది. ఆ ఏడాదే ఒక స్కూలువాళ్లు యూనిఫారాలన్నీ ఆమెకి అప్పగించారు. అంత పెద్ద పని ఆమె చేతికి రావడం అదే మొదటిసారి. ఇల్లంతా తెల్ల చొక్కాలు, నీలం లాగులు.

"అక్కడ మెయిన్ వాల్వు ఉంది మామయ్యా" అన్నాను.

"చూశానండీ" అన్నారు ఆయన. అల్లుణ్ని కాబట్టి నన్ను మీరనే పిలిచేవారు.

"దాని ఎదురుగా చిన్న తలుపు ఉండాలి."

"చూద్దాం."

ఆ వాల్వు నేను పెట్టింది. ఇల్లు కట్టినప్పుడు ఎక్కడ పెట్టాలా అని వారం రోజులు ఆలోచించి, వీధిగుమ్మం లోపల, మోకాలెత్తున, గుడ్డివాడికి కూడా చెయ్యి తగిలే చోట పెట్టాను. ఎవరైనా ఇంటికొస్తే చూపించేవాణ్ని. మా ఆవిడ విసుక్కునేది, "వచ్చినవాళ్లని కూర్చోమనకుండా ముందు ఆ చక్రం చూపిస్తావేంటి?" అని.

మామయ్య పెరట్లో పని మొదలుపెట్టారు. దుప్పట్లోంచి ఆ చెక్క బయటికి తీశారు. టేకు పలక. నేను ఎన్నో ఇళ్లు తిరిగాను గానీ అంత వెడల్పు పలక ఎక్కడా చూడలేదు. ఒక్క ముడి లేదు, పగులు లేదు. అలమర వెనక భాగానికి దాన్ని అలాగే నిలబెడతానన్నారు. అతుకు లేకుండా, ఒకే పలక.

మర్నాడు పొద్దున్న పనికి వెళ్తూ ఆ పలక మీద పెన్సిలుతో జానెడు చదరం గీశాను. మధ్యలో 'ఇక్కడ తలుపు' అని రాశాను. సాయంత్రం వచ్చేసరికి గీత లేదు, అక్షరం లేదు. చిత్రిక పట్టేశారు. పలక అద్దంలా మెరుస్తోంది. మళ్లీ గీశాను. మళ్లీ పోయింది. మూడోసారి కార్పెంటర్లు వాడే లావు పెన్సిలు ఆయన పెట్టెలోంచే తీసి గట్టిగా గీశాను. అదీ పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. ఇద్దరం రాత్రి ఎదురెదురుగా కూర్చుని అన్నాలు తిని లేచేవాళ్లం.

చివరికి నేనే అడిగాను. ఆయన చిత్రిక కింద పెట్టి, పలక మీద అరచెయ్యి ఆనించారు. చెయ్యి అలా ఆనించి ఉంచితే వణుకు కనబడదు.

"ఇది ఎప్పుడు కొన్నానో తెలుసా మీకు? మీ ఆవిడ పుట్టిన ఏడు. ఎంతోమంది అడిగారు. ఒకాయన తన బల్లకి కావాలని ఇంటి చుట్టూ తిరిగాడు. ఇవ్వలేదు. దీనికి తగ్గ పని వస్తుందని చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు దీనికి కన్నం పెట్టమంటారా?"

వాల్వు సంగతి చెప్పాను. పైపులు ఎలా వదిలేస్తున్నాయో చెప్పాను. లెక్కల మాస్టారి ఇల్లు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "చూద్దాంలెండి" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆవిడ దగ్గర నా ఉక్రోషమంతా వెళ్లగక్కాను. ఆమె కుట్టు మిషను ఆపలేదు.

"నువ్వే కదా ప్లంబరువి. వాల్వునే కాస్త పక్కకి జరుపు" అంది.

"ఎందుకు జరపాలి? ముందొచ్చింది వాల్వా, అలమరా?"

"ఎంతసేపు పడుతుంది?"

"సగం రోజు."

"సగం రోజు పనికి ఇన్ని రోజులుగా రుసరుసలాడుతున్నావా?"

"ఊళ్లో జనం బకెట్లు పట్టుకుని నాకోసం చూస్తుంటే సొంత ఇంట్లో బాగా ఉన్నదాన్ని పీకి పక్కన పెట్టుకోనా? నేను చెప్పేది ఎవరికీ అక్కర్లేదు. బయటివాళ్లకి అక్కర్లేదంటే సరే, ఇంట్లోవాళ్లకి కూడానా?"

అప్పుడు మిషను ఆపింది. గొంతు తగ్గించింది, పెరట్లో ఆయనకి వినబడకుండా.

"నాన్న చెయ్యి చూశావుగా. దీని తర్వాత ఇంకోటి చెయ్యలేరు. ఆయనకీ తెలుసు. ఒక్కదాన్ని ఆయన ఇష్టప్రకారం చెయ్యనియ్యి. తలుపు సంగతి వేసవి అయ్యాక నేను మెల్లగా అడుగుతాను."

ఇంక నేను మాట్లాడలేదు. మాట్లాడలేదు గానీ వాల్వు జరపనూ లేదు. సగం రోజు దొరకలేదనేది అబద్ధం. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఖాళీగా పడుకున్నాను కూడా. జరిపితే నేను ఓడిపోయినట్టు అనిపించింది. అంతే.

నేను ఊరి చివర పనిలో ఉన్న ఒక రోజు, పక్కింటి ఇద్దరి సాయంతో అలమర నడవలో నిలబెట్టేశారు. ఇంటికి వచ్చి చూశాను. గోడ ఉన్న చోట టేకు గోడ ఉంది. ఎంత బాగుందంటే, ఆ బాగుండటానికి కూడా నాకు కోపం వచ్చింది. మా ఆవిడ అప్పటికే చీరలు, చొక్కాలు వరసగా తగిలించేసింది. మామయ్య కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చుని ఉన్నారు. కొట్టు మూసేశాక ఆయన్ని అంత నిమ్మళంగా చూడటం అదే. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయాను.

పద్దెనిమిది రోజులు గడిచాయి.

ఆ రోజు మధ్యాహ్నం నేను ఒక పళ్ల డాక్టరు ఇంట్లో సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోను మోగింది. మామయ్య.

"అల్లుడుగారూ, వంటింట్లో నీళ్లండీ."

"ఎంత?"

"సింకు కింద వంపు ఊడిపోయింది. గొట్టం నోరు తెరిచేసింది. ఎర్రటి నీళ్లు. హాల్లోకి వెళ్తున్నాయి."

హాల్లో నేల మీద దుప్పట్లు పరిచి, వాటి మీద ఇస్త్రీ చేసిన యూనిఫారాలు దొంతరలుగా పెట్టి ఉన్నాయి. ఆ వారంలో స్కూలుకి పంపాల్సినవి.

"అమ్మాయి?"

"స్కూలుకి వెళ్లింది, ఇంకో నలుగురి కొలతలు తియ్యాలని."

చెప్పానా లేదా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వేసవంతా దాచిపెట్టుకున్న మాట అది. నేను నోరు తెరిచేలోపల ఆయనే అన్నారు.

"ఎక్కడ కొయ్యాలి? చెప్పు, తొందరగా."

'మీరు' అనలేదు. ఆయనకి ఆ ధ్యాస లేదు. నేను లేచి కూర్చున్నాను, సింకు నుదుటికి కొట్టుకుంది.

"ఎడమ అంచు నుంచి జానెడు, దాని మీద నాలుగు వేళ్లు. నేల నుంచి మోకాలెత్తు. జానెడు చదరం కోస్తే చాలు."

నేను కొలత గుర్తు చేసుకోనక్కర్లేకపోయింది. మూడుసార్లు గీసినవాణ్ని.

ఫోను ఎక్కడో గట్టు మీద పెట్టినట్టున్నారు. నీళ్ల హోరు వినబడుతోంది. బట్టలు లాగి పారేస్తున్న చప్పుడు. తర్వాత బర్మా తిప్పుతున్న చప్పుడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు మూలలకి నాలుగు చిల్లులు. తర్వాత రంపం. మంచి వడ్రంగి రంపం చప్పుడు ఊపిరిలా ఒకే తీరున ఉంటుంది. ఇది ఆగింది, మొదలైంది, జారింది, మళ్లీ ఆగింది. నేను ఫోను చెవికి ఆనించుకునే పనిముట్లు సంచిలో పడేశాను. డాక్టరుగారి భార్య అడ్డంగా నిలబడి, "సగంలో వదిలేసి వెళ్తారా?" అంది.

"మీ వాల్వు కట్టే ఉందమ్మా. మీకేం కాదు" అని బయటపడ్డాను.

బండి స్టార్టు చేయబోతుంటే ఆయన గొంతు వినబడింది.

"కనబడింది."

"చక్రాన్ని కుడివైపు తిప్పండి మామయ్యా. కుడివైపు."

"తిరగట్లేదు."

"చెయ్యి వణుకుతోందేమో, రెండు చేతులతో పట్టుకోండి."

"రెండు చేతులతోనే పట్టుకున్నాను. వణుకు కాదిది. కదలట్లేదు."

"సుత్తితో మెల్లగా తట్టి తిప్పండి."

రెండు దెబ్బలు వినబడ్డాయి. మూడో దెబ్బ తర్వాత ఏమీ వినబడలేదు, నీళ్ల హోరు తప్ప.

"మామయ్యా?"

"చక్రం ఊడి నా చేతికొచ్చింది. కడ్డీ అక్కడే ఉంది. ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఎండలో బండి పట్టుకుని నిలబడిపోయాను. ఆ వాల్వు నేను పెట్టిన రోజున తిప్పి చూశాను. పదకొండేళ్లయింది. ఆ తర్వాత దాన్ని వచ్చినవాళ్లకి చూపించాను గానీ ఒక్కసారి కూడా తిప్పలేదు. తిప్పనిది పట్టేస్తుంది. పనిలో చేరిన మొదటి నెలలోనే తెలిసే సంగతి అది.

"వస్తున్నాను" అన్నాను.

వీధిలో ఇంటింటికీ బయట కొత్తగా ఒక వాల్వు పెట్టారు, నిజమే. గొట్టం పూడ్చాక రోడ్డు వేసినవాళ్లు ఆ వాల్వుల ఇనుప మూతల మీదే తారు పోసుకుంటూ పోయారు. దారంతా ఆ మూత మా ఇంటి ముందు ఎక్కడుండి ఉంటుందా, గునపం ఎవరింట్లో ఉంటుందా అని లెక్కలు వేసుకుంటూ వెళ్లాను. ప్రతి సిగ్నలు దగ్గరా ఎర్ర దీపమే.

ఇంటికి వెళ్లేసరికి నీళ్ల చప్పుడు లేదు.

గుమ్మం దాకా ఎర్రటి నీళ్లు నిలిచి ఉన్నాయి. అలమర తలుపులు తెరిచి ఉన్నాయి, మా ఆవిడ చీరలు నడవలో తడిసి కుప్పగా పడున్నాయి. పలకకి కన్నం. చదరం కాదది. ఒక పక్క ఏటవాలుగా పోయింది, ఒక మూల చీలిపోయి పైదాకా గీతలా పగిలింది. ఆయన చేతిలోంచి అలాంటి కోత వచ్చిందంటే కొట్టుకి వచ్చినవాళ్లెవరూ నమ్మరు.

మామయ్య వంటింట్లో సింకు కింద నీళ్లలో కూర్చుని ఉన్నారు. గొట్టం నోట్లో కొయ్య మేకు బిగించి ఉంది. బాడిసతో చెక్కి మొన తేల్చి, తడి గుడ్డ చుట్టి, సుత్తితో లోపలికి కొట్టారు. దాని చుట్టూ చుక్క చుక్కగా కారుతోందంతే. ఆ కొయ్య ముక్క పలకలోంచి కోసి తీసిన ముక్కే.

"ఆగింది" అన్నారు నన్ను చూసి.

ఆయన చంకల కింద చేతులు వేసి పైకి లేపాను. మనిషి తడిసి ముద్దయ్యారు. ఒక చెయ్యి జేబులో పెట్టుకునే ఉన్నారు. ఆ జేబు ఉబ్బెత్తుగా ఉంది. చక్రం అక్కడుందని నాకు అర్థమైంది. నేను అడగలేదు. ఆయనా తియ్యలేదు.

మా ఆవిడ వచ్చేసరికి నేను నీళ్లు బయటికి తోస్తున్నాను. ఆమె హాలు గుమ్మంలో నిలబడింది. దొంతరల్లో కింది వరస చొక్కాలన్నీ తుప్పు నీళ్లు పీల్చుకుని గోధుమరంగుకి తిరిగాయి. రంగు పైకి పాకుతూనే ఉంది. ఆమె ఏడవలేదు. ఒక చొక్కా తీసి కాలరు పట్టుకుని చూసి మళ్లీ అక్కడే పెట్టింది.

"తప్పు నాదేనమ్మా" అన్నారు మామయ్య. "నీ మొగుడు ముందు నుంచీ మొత్తుకున్నాడు. నేను వినలేదు. కోసి లోపలికి చెయ్యి పెట్టేసరికి ఆలస్యమైపోయింది."

నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం తడి బట్టలు పిండుతుంటే మా ఆవిడ అంది, "నువ్వు చెప్పిందే నిజం. నేనైనా వినాల్సింది."

వేసవంతా ఎవరో ఒకరి నోటినుంచి వినాలని పడిగాపులు పడ్డ మాట అది. ఎవరన్నారు? మా ఆవిడే అంది. నేను, "ఊఁ" అన్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నన్ను నేనే భరించలేకపోయాను. పొద్దున లేస్తే పనికి పరిగెత్తేవాణ్ని. వాల్వు మార్చాలంటే వీధిలో తారు తవ్వాలి, టైము లేదు అని ఇంట్లో చెప్పాను. తవ్వడం గంట పని. పాత వాల్వు బయటికి తీస్తే దాని మొహం చూసి ఎవరైనా చెప్పేస్తారు, ఇది ఏళ్ల తరబడి కదల్లేదని. ఇళ్లలో పని ముగించి సంచి సర్దుకుని వచ్చేసేవాణ్ని. లెక్కల మాస్టారి ఎదురింటాయన నవ్వుతూ, "ఏంటి మాస్టారూ, మాకు పాఠం లేదా?" అని అడిగాడు. లేదండీ అన్నాను. చిరాకు ఆయన మీద కాదు, అయినా ఆయన గేటు గట్టిగానే వేశాను.

ఇంట్లో మా ఆవిడ పెరటి గట్టు మీద నిమ్మకాయలు, ఉప్పు పెట్టుకుని చొక్కాలు ఒక్కొక్కటే తోముతోంది. మరక సగం పోతుంది, సగం ఉంటుంది. స్కూలు తెరిచే రోజు దగ్గరపడుతోంది. ఆమె వేళ్ల సందుల్లో చర్మం లేచిపోయింది. మామయ్య ఆమె తోమిన చొక్కాలు తీగ మీద ఆరవేస్తున్నారు. వణికే చేతుల్లో క్లిప్పులు జారి పడుతున్నాయి. నాలుగో రోజు నేను త్వరగా వచ్చాను. పెరటి గుమ్మంలో ఉండగా ఆమె గొంతు వినబడింది.

"ఒక్క చిన్న తలుపు నాన్నా. ఒక్కటి పెట్టి ఉంటే సరిపోయేది కదా. ఏమయ్యేది దానికి?"

"అవునమ్మా" అన్నారు ఆయన, కింద పడ్డ క్లిప్పు కోసం వంగుతూ.

"తలుపు ఉన్నా లాభం లేకపోయేది" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"వాల్వు పట్టేసి ఉంది. పదకొండేళ్లుగా నేను దాన్ని తిప్పలేదు. మీ నాన్న టైముకే కోశారు, టైముకే చెయ్యి పెట్టారు. చక్రం ఊడొచ్చింది."

ఆమె తండ్రి వైపు చూసింది. "నిజమా?"

ఆయన నా మీదికి తిరిగారు. ఆయనకి అంత కోపం వస్తుందని నాకు తెలియదు. "ఎవరడిగారయ్యా నిన్ను?" అని, క్లిప్పుల డబ్బా గట్టు మీద ఎత్తిపడేసి పెరటి మూలకి వెళ్లిపోయారు.

మా ఆవిడ చేతిలో చొక్కా బకెట్లో వదిలేసింది.

"నాలుగు రోజులు" అంది. "నాలుగు రోజులు ఆయన్ని నాచేత అనిపించావు."

"నేను..."

"మాట్లాడకు." లేచి, బ్రష్షు నా చేతిలో పెట్టింది. "మిగతావి నువ్వు తోము."

ముప్పై ఒక్క చొక్కాలు మిగిలాయి. చీకటి పడేదాకా తోమాను. ఎవరూ పిలవలేదు. చివర్లో మామయ్య వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

ఆయన గట్టు మీద పడున్న ఒక క్లిప్పు తీసి డబ్బాలో వేశారు.

"ఆలస్యమైంది అనుకుంటే అదొక రకం. ఇంకాస్త ముందు కోసి ఉంటే ఆగేది అనుకోవచ్చు. కోత ఒక పనికోసం కోసినట్టుంటుంది." చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నారు. "ఊరికే కోశానంటే... ఆ పలక ఊరికే పోయిందని అమ్మాయికి కూడా తెలియాలా?"

నిజం చెప్పి ఆయన నెత్తిన ఉన్నది దించాననుకున్నాను. ఆయన తనకోసం దాచుకున్నదేదో లాక్కున్నానని అప్పుడు తెలిసింది.

యూనిఫారాలు రెండు వారాలు ఆలస్యంగా అందాయి. హెడ్మిస్ట్రెస్ మర్యాదగానే తీసుకుంది. మర్యాదగానే, పై ఏడాది ఆ పని ఇంకెవరికో ఇచ్చింది. మా ఆవిడ మళ్లీ విడి పనులకి వచ్చింది. ఆ విషయం ఎత్తి నన్నెప్పుడూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

తొలి వానలు పడ్డాక ఒక ఆదివారం పొద్దున గునపంతో తారు తవ్వి, వీధి వాల్వు కట్టేసి, వంటింట్లో కొయ్య మేకు తీసి కొత్త వంపు బిగించి, అలమర లోపల మోకాళ్ల మీద కూర్చుని పాత వాల్వు కోసి తీశాను. దాని స్థానంలో చక్రం ఉన్నది పెట్టలేదు. పిడి ఉన్నది తెచ్చాను. పిడిని పావు చుట్టు అడ్డంగా లాగితే నీళ్లు ఆగుతాయి, నిలువుగా తోస్తే వస్తాయి. పట్టు గట్టిగా లేని చెయ్యి కూడా లాగగలదు. అది ఎవరికోసం తెచ్చానో నేను చెప్పలేదు.

మామయ్య కుర్చీ లాక్కుని చూస్తూ కూర్చున్నారు. పెరట్లో చొక్కాలు తోమిన రోజు నుంచి మా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

"కోత అంచులు నున్నగా చెయ్యమంటారా? తలుపు బిగిద్దామా?" అన్నాను.

"అక్కర్లేదు. అలాగే ఉండనీ."

బయటికి వెళ్లి వీధి వాల్వు తెరిచి వచ్చాను. పైపులో గాలి గుడగుడలాడి సర్దుకుంది. అతుకుల చుట్టూ వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. పక్కకి జరిగాను.

"ఒకసారి తిప్పి చూడండి మామయ్యా."

ఆయన కుర్చీలోంచి మెల్లగా దిగి, నేల మీద కూర్చుని, ఆ వంకర కన్నంలోంచి చెయ్యి లోపలికి పెట్టారు. అంచు ఆయన ముంజేతికి గీరుకుంది. పిడి దొరికింది. లాగారు. ఏ చప్పుడూ లేకుండా అది పక్కకి వచ్చేసింది.

వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "ఎవరక్కడ? నీళ్లాగిపోయాయి! చేతినిండా సబ్బుంది ఇక్కడ!"

నేను ఆయన వైపు చూశాను, తెరవండి అన్నట్టు.

"పని చేస్తోంది" అన్నారు మామయ్య. చెయ్యి తియ్యలేదు.

"వినబడుతోందా మీ ఇద్దరికీ?"

"ఒక్క నిమిషం ఉండనీ" అన్నారు, నాతో.

ఇద్దరం ఆ అలమర ముందు నేల మీద అలాగే కూర్చున్నాం. లోపల ఆమె ఇద్దర్నీ కలిపి తిడుతోంది.